మనోవ్యాధి మందులు – అంగడి మాత్రలు

“మనోవ్యాధికి మందు లేదు” అని తెలుగువారి సామెత. “వహమ్ కా ఇలాజ్ తో హకీమ్ లుఖ్మాన్ కే పాస్ భీ నహీఁ” అని ఉర్దూవారి నానుడి. మనస్సులో నాటుకున్న శంకకు లుఖ్మానంతటి వైద్యుని దగ్గర కూడా చికిత్స లేదని దాని భావం. భాషలు వేరు, సంప్రదాయాలు వేరు. అయినా మనస్సుకు పట్టిన రోగం విషయంలో రెండు జాతీయాలూ ఒకే నిరాశను పలికాయి.

ఈ రెండు మాటలకూ కాలం చెల్లి అరవై ఏళ్లు దాటింది. మనోవ్యాధికి నేడు మందు ఉన్నది. నరసరావుపేటలోనూ, మాచర్లలోనూ, గురజాలలోనూ మెడికల్ షాపులలో అది దొరుకుతున్నది. మన ఇళ్లలో ఎందరో దానిని వాడుతున్నారు. అయితే ఆ మందు వాడే మనిషికి జలుబు చేయకుండా ఉండదు, దగ్గు రాకుండా ఉండదు, తలనొప్పి, ఒళ్లు నొప్పులు లేకుండా ఉండవు. అప్పుడు ఆ మనిషి వీధి చివరి అంగడికి వెళ్లి ఒక మాత్ర అడిగి తెచ్చుకుంటాడు. ఈ అంగడి మాత్ర, ఆ మనోవ్యాధి మందు ఒకే దేహంలో కలిసినప్పుడు ఏమి జరుగుతుంది? ఏ కలయిక క్షేమం, ఏది ప్రమాదం? ఈ ప్రశ్నలను విద్యార్థినీ విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు చెప్పే అధ్యాపకునికి మందుల ముచ్చట ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చు. ఈ ప్రమాదానికి మూలం రసాయనాలలో సగమే ఉన్నది. తక్కిన సగం మాటలో ఉన్నది. చెప్పవలసిన మాట చెప్పకపోవడం, మందును దాని పేరుతో పిలవకపోవడం వల్లనే కీడు ఎక్కువగా జరుగుతున్నది. మాట సంగతి భాషాధ్యాపకుని పరిధిలోనిదే గదా! మందు మోతాదులను నిర్ణయించే అధికారం మాత్రం వైద్యునిదే. ఈ వ్యాసం వైద్యునికి బదులు కాదు. వైద్యుని దగ్గర ఏమి అడగాలో తెలిపే ఒక పాఠం మాత్రమే.

మందు పుట్టిన కథ

మనోవ్యాధులు అనేకం. వాటిలో మిక్కిలి వ్యాప్తిలో ఉన్నది కుంగుబాటు. దుఃఖం వేరు, కుంగుబాటు వేరు. కారణం తీరితే దుఃఖం తీరుతుంది. కుంగుబాటులో నిద్ర, ఆకలి, ఉత్సాహం, ఏకాగ్రత వారాల తరబడి క్షీణిస్తాయి. బ్రతుకు మీదనే విరక్తి పుడుతుంది. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16 సంవత్సరాలలో పన్నెండు రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, ప్రతి 20 మంది పెద్దలలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ రోగానికి లోనవుతున్నారు. ఒక తరగతి గదిని తలచుకుంటే ఈ లెక్క అర్థం ఏమిటో తెలుస్తుంది.

దీనికి మందు దొరకడం ఒక వింత కథ. 1950వ దశకం ఆరంభంలో న్యూయార్క్ నగరంలోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఐప్రోనియాజిడ్ అనే కొత్త మందును ఇచ్చి చూశారు. వారిలో అనూహ్యమైన ఉత్సాహం కనిపించింది. 1957లో నేథన్ క్లైన్ అనే వైద్యుడు అదే మందు కుంగుబాటు రోగులకు మేలు చేస్తున్నదని ప్రకటించాడు. అదే సంవత్సరం స్విట్జర్లాండులో రోలండ్ కూన్ అనే వైద్యుడు ఇమిప్రమిన్ గుణాన్ని లోకానికి తెలిపాడు. 1987 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఫ్లుయాక్సెటిన్‌కు అనుమతి ఇచ్చింది. నేడు మన వైద్యులు ఎక్కువగా వ్రాసే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, పారాక్సెటిన్ కూడా ఈ ఫ్లుయాక్సెటిన్ వర్గానికి చెందినవే. వెన్లాఫాక్సిన్, డులోక్సెటిన్ మరొక వర్గం. ఇమిప్రమిన్, అమిట్రిప్టిలిన్ పాత వర్గం.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. అమిట్రిప్టిలిన్‌ను తక్కువ మోతాదులో పార్శ్వపు తలనొప్పికి, నరాల నొప్పికి కూడా ఇస్తారు. మధుమేహ రోగుల అరికాళ్ల మంటలకు డులోక్సెటిన్ ఇస్తారు. కనుక “మా ఇంట్లో మనోవ్యాధి ఎవరికీ లేదు, ఈ వ్యాసం మాకు పట్టదు” అని అనుకొనేవారు తమ తల్లిదండ్రుల మందుల డబ్బాను ఒకసారి తెరచి చూడడం మంచిది.

జున్ను నేర్పిన పాఠం

హానిలేనిదిగా కనిపించే వస్తువు కూడా మనోవ్యాధి మందుతో కలిసి ప్రమాదం తెచ్చిపెట్టగలదని లోకం మొదట గ్రహించింది 1960వ దశకం తొలి సంవత్సరాలలో. ఐప్రోనియాజిడ్ జాతి మందులు వాడే కొందరికి అకస్మాత్తుగా భయంకరమైన తలనొప్పి వచ్చి, రక్తపోటు విపరీతంగా పెరిగేది. కొందరు మరణించారు కూడా. కారణం అంతుపట్టలేదు. లండన్‌లో బారీ బ్లాక్‌వెల్ అనే యువ వైద్యుడు దీనిని గూర్చి ఒక వైద్య పత్రికలో వ్రాయగా, నాటింగ్‌హామ్‌లో మందులు అమ్మే ఒక ఫార్మసిస్టు అతనికి ఉత్తరం వ్రాశాడు. తన భార్య ఆ మందు వాడుతున్నదనీ, జున్ను తిన్నప్పుడే ఆమెకు ఆ తలనొప్పి వస్తున్నదనీ దాని సారాంశం. మొదట నవ్వులాటగా తోచిన ఆ సంగతి పరీక్షకు నిలిచింది. నిల్వ చేసిన విదేశీ జున్నులో టైరమిన్ అనే పదార్థం ఉంటుంది. మామూలుగా దేహం దానిని విరిచివేస్తుంది. ఆ విరిచే ఎంజైమును ఈ మందు అడ్డుకోవడంతో టైరమిన్ రక్తంలో చేరి రక్తపోటును రేపుతున్నదని తేలింది. 1963లో బ్లాక్‌వెల్ దీనిని ప్రకటించాడు.

ఈ కథలో మనకు పనికివచ్చే నీతి జున్ను కాదు. ఆ జాతి మందులు నేడు అరుదుగానే వాడుకలో ఉన్నవి. మహావైద్యులకు అందని సత్యం ఒక అంగడి ఫార్మసిస్టుకు అందింది. ఎందువల్ల? భార్య ఏ మందు వాడుతున్నదో, దాని పేరేమిటో, ఆ దినం ఏమి తిన్నదో అన్నీ అతనికి తెలుసు. ఆ ఇంట్లో దాపరికం లేదు.

రెండవ ఘటన విషాదకరమైనది. 1984 మార్చిలో లిబ్బీ జియాన్ అనే పద్దెనిమిదేళ్ల విద్యార్థిని జ్వరంతో, కలవరంతో న్యూయార్క్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో చేరింది. ఆమె కుంగుబాటుకు ఫెనెల్జిన్ వాడుతున్నది. అదీ పై జాతి మందే. ఆ రాత్రి ఆమె వణుకును ఆపడానికి పెథిడిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఈ రెండూ కలవరాని మందులు. తెల్లవారేసరికి ఆమె మరణించింది. మరణ కారణంపై న్యాయస్థానంలో దీర్ఘమైన వాదాలు జరిగినా, ఈ కలయికయే ప్రధాన కారణమని వైద్యలోకం సాధారణంగా భావిస్తున్నది. జూనియర్ వైద్యుల పనివేళలను వారానికి 80 గంటలకు పరిమితం చేస్తూ న్యూయార్క్ రాష్ట్రం 1989లో అమలుపరచిన నియమాలకు ఈ మరణమే మూలం. చదువుకున్న వైద్యుల నడుమనే ఇట్టి పొరపాటు జరిగినప్పుడు, ఎవరూ అడగని, ఎవరూ చెప్పని మన అంగడి బల్ల దగ్గర ఎంత జాగ్రత్త అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

మందులు పోరాడే మూడు తీరులు

రెండు మందుల వైరం సాధారణంగా మూడు తీరులుగా ఉంటుంది.

మొదటిది కూడిక. రెండు మందులూ ఒకే పని చేస్తే ఆ పని హద్దు మీరుతుంది. మెదడులో సెరోటోనిన్ అనే రసాయనం ఉన్నది. మనోవ్యాధి మందులు చాలావరకు దాని లభ్యతను పెంచి మేలు చేస్తాయి. దానినే పెంచే మరొక మందు తోడైతే మేలు కాస్తా విషమవుతుంది. దీనిని సెరోటోనిన్ సిండ్రోమ్ అంటారు.

రెండవది అడ్డగింత. మందును విరిచి బయటికి పంపే పని కాలేయంలోని ఎంజైములది. ఒక మందు ఆ ఎంజైమును అడ్డగిస్తే రెండవ మందు బయటికి పోలేక రక్తంలో పేరుకుంటుంది. వేసుకున్నది ఒక మాత్రే అయినా దేహంలో దాని బలం రెండు మాత్రలదవుతుంది.

మూడవది ఒకే అవయవానికి రెండు దెబ్బలు. ఒక్కొక్క మందు విడివిడిగా చేసే కొద్దిపాటి హానిని దేహం తట్టుకుంటుంది. రెండూ ఒకే చోట తగిలితే తట్టుకోలేదు.

ఈ మూడు సూత్రాలు మనస్సులో ఉంచుకుని మనం నిత్యం అడిగి తెచ్చుకొనే మాత్రలను పరిశీలిద్దాం.

నొప్పుల మాత్రలు

పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లి వచ్చినవారు సాయంత్రం ఒళ్లు నొప్పులకు ఒక మాత్ర వేసుకోవడం పల్నాటి పల్లెల్లో సర్వసాధారణం. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఒకే కుటుంబం. ఇవి నొప్పిని తగ్గించడంతోపాటు జీర్ణాశయపు లోపలి పొరకు ఉన్న రక్షణను తగ్గిస్తాయి. మరొక వంక ఫ్లుయాక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి రక్తఫలకికలలోని సెరోటోనిన్ నిల్వను తగ్గిస్తాయి. గాయం దగ్గర రక్తం గడ్డకట్టడానికి ఆ నిల్వ అవసరం. ఒకటి పుండుకు దారి తీస్తుంది, రెండవది కారే రక్తం ఆగకుండా చేస్తుంది. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఒక అధ్యయనం ఈ కలయికలో జీర్ణాశయ రక్తస్రావం పెరుగుతున్నదని చూపించింది. తరువాతి పరిశోధనలు కూడా దానిని బలపరచాయి.

ఆరోగ్యవంతుడైన యువకుడు ఒక పూట ఒక మాత్ర వేసుకుంటే ప్రమాదం స్వల్పమే. ముసలితనం, పూర్వం కడుపులో పుండు ఉండడం, రక్తం పలుచబడే మందులు వాడడం, దినాల తరబడి నొప్పి మాత్రలు మింగడం – వీటిలో ఏది తోడైనా ప్రమాదం పెరుగుతుంది. మలం తారువలె నల్లగా పోవడం, రక్తపు వాంతి కావడం దీని గుర్తులు. అప్పుడు ఆలస్యం చేయరాదు.

మరి నొప్పి వస్తే ఏమి చేయాలి? సాధారణంగా ఇట్టివారికి పారాసెటమాల్ మేలైనది. అయితే దానికీ హద్దు ఉన్నది. పెద్దలకు దినానికి 4 గ్రాములు మించకూడదు. కాలేయ రోగులు, మద్యపానం చేసేవారు, బరువు తక్కువైనవారు అంతకంటె తక్కువ హద్దులో ఉండాలి. జలుబు మాత్రలలో చాలావరకు పారాసెటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికి ఒకటి, జలుబుకు మరొకటి అనుకుని రెండు పేర్లతో ఒకే మందును మింగడం మన ఇళ్లలో తరచుగా జరిగే పొరపాటు.

ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందు సంగతి వేరు. అది సెరోటోనిన్‌ను కూడా పెంచుతుంది. మూర్ఛలకు కూడా దారి తీయవచ్చు. 2018 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వం దానిని మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది. నొప్పికి “గట్టి మాత్ర” అడిగి తెచ్చుకొనే అలవాటు మనోవ్యాధి మందు వాడేవారికి బొత్తిగా తగదు.

దగ్గు, జలుబు మందులు

మిరపకాయలు ఎండబోసే రోజులలో కళ్లాల దగ్గర పనిచేసేవారికి ఘాటుకు తుమ్ములు, దగ్గు తప్పవు. పొడి దగ్గుకు అమ్మే అనేక మందులలో డెక్స్ట్రోమెథార్ఫాన్ ఉంటుంది. అది సెరోటోనిన్‌పై కూడా పనిచేస్తుంది. పైగా దానిని విరిచే ఎంజైమును ఫ్లుయాక్సెటిన్, పారాక్సెటిన్ అడ్డగిస్తాయి. కూడిక, అడ్డగింత అనే రెండు తీరులూ ఇక్కడ ఒకటవుతాయి. చాలామందికి మామూలు మోతాదులో ఏమీ కాకపోవచ్చు. కాని “తగ్గలేదు, ఇంకొక మూత తాగుదాం” అని మోతాదు మించినచోట విపత్తు సంభవిస్తుంది.

ఆ విపత్తు గుర్తులు ఇవి: చెప్పలేని కలవరం, గుండెదడ, చెమటలు, విరేచనాలు, వణుకు, కాళ్ల కండరాలు తమంతట తాము అదరడం, ఒంటి వేడి పెరగడం. ఇవి సాధారణంగా కొత్త మందు వేసుకున్న 24 గంటల లోపల, చాలావరకు మొదటి ఆరు గంటలలోనే కనిపిస్తాయి. చూసినవారు దిష్టి తగిలిందనో, జ్వరం వచ్చిందనో అనుకొనే ప్రమాదం ఉన్నది. మందులన్నీ చేతబట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. 108 వాహనాన్ని పిలవాలి.

జలుబు మాత్రలలో రెండు జాతులు కలిసి ఉంటాయి. ముక్కు కారకుండా చేసే క్లోర్‌ఫెనిరమిన్ వంటివి మొదటి జాతి. ఇవి మత్తు కలిగిస్తాయి, నోరు ఎండబెడతాయి. అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ కూడా అదే పని చేస్తాయి. రెండూ కలిస్తే మలబద్ధకం, మూత్రం బిగియడం, చూపు మసకబారడం, వృద్ధులలో మతి తప్పడం జరుగుతుంది. ఆ స్థితిలో వాహనం నడపడం, ట్రాక్టరు తోలడం, నూర్పిడి యంత్రం దగ్గర నిలబడడం ప్రమాదకరం. ముక్కు దిబ్బడ విప్పే ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ రెండవ జాతి. ఇవి రక్తపోటును పెంచుతాయి. వెన్లాఫాక్సిన్ వాడేవారికి, పాత వర్గం మందులు వాడేవారికి ఇవి అడగకుండా వేసుకోదగినవి కావు. ఐప్రోనియాజిడ్ జాతివారికైతే పూర్తిగా నిషిద్ధాలు.

ఉప్పునీటితో పుక్కిలించడం, ఆవిరి పట్టడం, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేయడం మనోవ్యాధి మందులతో ఏ వైరమూ లేని ఉపాయాలు. జలుబు చాలావరకు తనంతట తానే తగ్గిపోయే రోగం గదా!

గ్యాస్ మాత్రలు, మూలికలు

గ్యాస్ మాత్రను మన జనం మందుగానే లెక్కించరు. అయితే ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ అనేవి సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్‌లను విరిచే ఎంజైమును అడ్డగిస్తాయి. సిటలోప్రామ్ రక్తంలో పెరిగితే గుండె లయ దెబ్బతినవచ్చు. ఒమెప్రజోల్ వాడేవారు సిటలోప్రామ్‌ను దినానికి 20 మిల్లీగ్రాములు మించరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరించింది. వాంతులకు ఇచ్చే డోంపెరిడోన్ కూడా గుండె లయను మార్చగలదు. గ్యాస్ మాత్రలలో అనేకం దానిని కలుపుకుని వస్తున్నవి. పాంటోప్రజోల్ ఒక్కటే ఉన్న మాత్రతో ఈ అడ్డగింత చాలా తక్కువ. ఏది తగినదో వైద్యుని అడిగితే ఒక్క మాటలో తేలిపోయే విషయం ఇది.

మూలికలు హాని చేయవని మరొక నమ్మకం. సెయింట్ జాన్స్ వర్ట్ అనే పాశ్చాత్య మూలిక కుంగుబాటుకు మంచిదని మాత్రల రూపంలో అమ్ముడుపోతున్నది. మనోవ్యాధి మందుతో కలిస్తే అది కూడా సెరోటోనిన్ సిండ్రోమ్‌కు దారి తీయవచ్చు. అనేక ఇతర మందుల బలాన్ని కూడా తగ్గిస్తుంది. ఆయుర్వేదమైనా, యునానీ అయినా, మేలు చేసే శక్తి ఉన్న ప్రతి పదార్థానికీ మరొకదానితో వైరం పెట్టుకొనే శక్తి కూడా ఉంటుంది. హకీమ్ గారికి కూడా మన మందుల పేర్లు చెప్పవలసినదే.

ఎండ, ఉపవాసం

రెంటచింతల ఎండను గూర్చి పల్నాటివారికి చెప్పనక్కరలేదు. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో అది ఒకటి. పాత వర్గం మనోవ్యాధి మందులు, మత్తు కలిగించే జలుబు మాత్రలు చెమటను తగ్గిస్తాయి. చెమట దేహం తనను తాను చల్లబరచుకొనే మార్గం. రెండు మందులూ వేసుకుని మే నెల మధ్యాహ్నం పొలంలో నిలబడినవానికి వడదెబ్బ త్వరగా తగులుతుంది. కొత్త వర్గం మందులు వృద్ధులలో రక్తంలోని సోడియం లవణాన్ని తగ్గించగలవు. రక్తపోటుకు ఇచ్చే మూత్రం మాత్రలు తోడైతే అది మరింత తగ్గుతుంది. వేసవిలో ముసలివారు తూలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడితే “వయసు మీద పడింది” అని సరిపెట్టుకోకూడదు.

రంజాన్ మాసంలో మరొక చిక్కు. దినమంతా ఉపవాసం ఉండి, తలనొప్పి వచ్చినవారు ఇఫ్తార్ వేళ ఖర్జూరం తినీ తినకముందే నొప్పి మాత్ర వేసుకుంటారు. ఖాళీ కడుపుపై ఆ మాత్ర, దానికి తోడు మనోవ్యాధి మందు ఎంత చెరుపో పైన చూశాము. కుంగుబాటు మందులు చాలావరకు దినానికి ఒకసారి వేసుకొనేవే. వాటిని సహరీకో, ఇఫ్తార్ తరువాతికో మార్చడం తరచు సాధ్యమే. కాని ఆ మార్పు రంజాన్‌కు ముందుగానే వైద్యునితో మాట్లాడి చేసుకోవాలి. లిథియం వాడేవారి సంగతి మరింత సున్నితం. దేహంలో నీరు తగ్గినా, ఐబుప్రోఫెన్ జాతి మాత్ర వేసుకున్నా రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. రోగులకు ఉపవాసం నుంచి సడలింపును, తరువాతి దినాలలో పూర్తి చేసుకొనే వీలును ఖుర్ఆనే కల్పించింది. ఆ సడలింపు మనస్సుకు రోగం వచ్చినవారికి కూడా వర్తిస్తుందని ఇంట్లోని పెద్దలు గుర్తించాలి. శివరాత్రికి, ఏకాదశికి ఉపవసించే సోదరులకు కూడా ఈ జాగ్రత్తలు సమానమే.

పేరు దాచిన మందు

ఇక అసలు విషయానికి వద్దాం. పైన చెప్పిన ప్రమాదాలన్నింటినీ తప్పించడానికి ఒక్క ప్రశ్న, ఒక్క సమాధానం చాలు. “మీరు ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” అన్నది ప్రశ్న. సమాధానమే రావడం లేదు.

తెలుగులో “మందు” అనే మాట విచిత్రమైనది. రోగానికి వేసేది మందు. పైరు మీద కొట్టేది మందు. తాగి తూలేది కూడా మందే. ఇన్ని అర్థాలు మోసే ఈ మాట ఒక్క అర్థం దగ్గర మాత్రం నోరు మెదపదు. కుంగుబాటుకు వాడే మాత్రలను మన ఇళ్లలో ఆ పేరుతో ఎవరూ పిలవరు. “నరాల మాత్రలు” అంటారు, “నిద్ర మాత్రలు” అంటారు, “బలానికి వేసుకుంటోంది” అంటారు. ఆడపిల్లకు సంబంధాలు రావేమోనని తల్లి దాస్తుంది. ఉద్యోగంలో చులకన అవుతానేమోనని కొడుకు దాస్తాడు. గుంటూరులో చూపించుకుని అక్కడే మందులు కొని, చీటీ చించివేసి, మాత్రలను వేరే డబ్బాలో పోసుకుని ఊరికి వచ్చేవారు ఉన్నారు. ఇక్కడి షాపువానికి అక్కడి మందు తెలియదు. అక్కడి వైద్యునికి ఇక్కడి మాత్ర తెలియదు. రెండూ కలుసుకొనేది ఒక్క రోగి దేహంలోనే. ఆ దేహం మాట్లాడదు.

ఈ దాపరికాన్ని కేవలం తప్పు అని నిందించడం న్యాయం కాదు. చెప్పినవారిని సమాజం ఎలా చూస్తున్నదో ఎరిగినవారే దాస్తున్నారు. అయితే దాచడానికి, చెప్పడానికి మధ్య ఒక మార్గం ఉన్నది. రోగం పేరు ఊరికంతా చెప్పనక్కరలేదు. మందు పేరు ముగ్గురికి చెబితే చాలు – వైద్యునికి, ఫార్మసిస్టుకు, ఇంట్లో ఒక నమ్మదగిన మనిషికి. “నేను సెర్ట్రలిన్ వాడుతున్నాను. దానితో ఈ దగ్గు మందు వేసుకోవచ్చునా?” – ఈ ఒక్క వాక్యం చాలు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం మందుల వాడుకను గూర్చి రోగికి వివరించడం ఫార్మసిస్టు ధర్మం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలకు గోప్యతను హక్కుగా ఇచ్చింది. అడిగే హక్కు, గుట్టును కాపాడుకొనే హక్కు రెండూ మనకు ఉన్నవి.

చట్టం మాట వచ్చింది గనుక మరొక సంగతి. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టంలో “చీటీ లేకుండా అమ్మదగిన మందులు” అనే ప్రత్యేక నిర్వచనం లేదు. చీటీ తప్పనిసరి అయిన మందులను 1945 నాటి నియమావళిలోని ‘హెచ్’ మొదలైన షెడ్యూళ్లలో చేర్చారు. మనోవ్యాధి మందులు అందులోనివే. ఆ చీటీ ఉండవలసిన మందులు కూడా అనేకం బల్ల మీదనే అమ్ముడుపోతున్నవి. కాబట్టి “అడగగానే ఇచ్చాడు గనుక ప్రమాదం లేదు” అనే తర్కం నిలవదు.

ఆచరణీయ సూత్రాలు

ఒకటి: మనోవ్యాధి మందును వైద్యుడు చెప్పకుండా ఆపరాదు. ఈ వ్యాసం చదివి భయపడి మందు మానేయడం అన్నింటికంటె పెద్ద ప్రమాదం. హఠాత్తుగా మానితే తలతిరుగుడు, నిద్రలేమి, చిరాకు కలుగుతాయి, రోగం తిరగబెట్టవచ్చు. జలుబు మాత్ర లేకుండా వారం గడుస్తుంది. మనోవ్యాధి మందు లేకుండా గడవదు. వదులుకోవలసినది అంగడి మాత్రనే.

రెండు: వాడుతున్న ప్రతి మందు పేరు, మోతాదు, వేళ ఒక కాగితంపై వ్రాసి జేబులో ఉంచుకోవాలి. వాణిజ్య నామం కాదు, అసలు మందు పేరు వ్రాయాలి. 2018 సెప్టెంబరు నుంచి అసలు పేరును వాణిజ్య నామం కంటె పెద్ద అక్షరాలలో ముద్రించాలనే నియమం ఉన్నది. అయితే మూడు, అంతకు మించి మందులు కలిసిన మాత్రలకు ఆ నియమం వర్తించదు. జలుబు మాత్రలు తరచు అట్టివే. కనుక వాటిపై చిన్న అక్షరాలను మరింత శ్రద్ధగా చదవాలి.

మూడు: ఎన్నో మందులు కలిసిన మాత్రకంటె ఒకే మందు ఉన్న మాత్ర మేలు. ఏది పడలేదో తెలుస్తుంది.

నాలుగు: మందు మానిన తరువాత కూడా కొంతకాలం చెప్పాలి. ఫ్లుయాక్సెటిన్ ప్రభావం వారాల తరబడి దేహంలో నిలుస్తుంది. దానిని ఆపిన 5 వారాల వరకు ఐప్రోనియాజిడ్ జాతి మందు ఇవ్వరు.

ఐదు: ఒకే షాపులో మందులన్నీ కొనడం అలవాటు చేసుకోవాలి. ఇంజెక్షన్ వేసే ఆర్.ఎం.పి. వైద్యునికైనా, దంతవైద్యునికైనా కాగితం చూపించాలి.

ఆరు: మద్యం ఈ మందులలో దేనితోనూ కలవరాదు.

విద్యార్థుల బాధ్యత

మందు పొట్లంపై అక్షరాలు ఆంగ్లంలో ఉంటాయి. మన ఇళ్లలో దాదీకి ఉర్దూ మాత్రమే వస్తుంది; అమ్మీకి తెలుగు చదవడం వస్తే గొప్ప. ఆ పొట్లాన్ని చదవగలిగేది కళాశాలలో చదువుకొనే మీరే. ఇంట్లో మీరు చేయగల విద్యాసేవలలో ఇంతకంటె అక్కరకు వచ్చేది లేదు. ఈ సెలవులలో ఇంటి మందుల డబ్బా తెరవండి. పేర్లు వ్రాయండి. గడువు తీరినవి వేరు చేయండి. ఎవరికి ఏ మందు ఎందుకో తెలుసుకోండి. అయితే ఒక షరతు. ఆ డబ్బాలో తెలిసిన రహస్యం మీ నోట బయటికి రాకూడదు. వెక్కిరింత ఒక్కసారి వినిపిస్తే ఆ డబ్బా మళ్లీ ఎన్నటికీ తెరుచుకోదు.

మీలోనే ఎవరికైనా మనస్సు కుంగి ఉంటే, మందు తీసుకుంటూ ఉంటే, సిగ్గుపడవలసినది ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ సేవ 14416 సంఖ్యపై రాత్రింబవళ్లు అందుబాటులో ఉన్నది. మాట్లాడడానికి రుసుము లేదు. కళాశాల కమిటీ పెద్దలు ఈ సంఖ్యను నోటీసు బోర్డుపై తెలుగు, ఉర్దూ లిపులు రెండింటిలోనూ శాశ్వతంగా వ్రాయించవలసినదిగా, ఏటా ఒకసారి వైద్యుని, ఫార్మసిస్టును పిలిపించి విద్యార్థుల సందేహాలు తీర్పించవలసినదిగా ఈ సందర్భంలో మనవి.

మనోవ్యాధికి మందు లేదన్న సామెత పుట్టిన కాలంలో అది నిజమే. నేడు మందు ఉన్నది. ఆ మందు మనకు మేలు చేయాలంటే దానికి తోడుగా కావలసినది ఒక్క నిజమైన మాట. మందు పేరు పలకడానికి నోరు, విన్నవారికి నవ్వని మనస్సు – ఈ రెండూ మన ఇళ్లలో అలవడిన నాడు, ఏ దేహంలోనూ రెండు మందులు ఒకదానికొకటి తెలియకుండా కలుసుకోవు.